పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఓనరు గారు నీ ప్రాజెక్టుకి ఒప్పుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఆ ఫ్యాక్టరీల లోన్ ఫైళ్లు చూసినవాణ్ణి, రిటైరయ్యాక ఎంబీఏ పిల్లల ప్రాజెక్టులు దగ్గరుండి చూస్తున్నవాణ్ణి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"అమ్మకాలు పెంచే మార్గం చెప్పమ్మా" అన్నారట ఆయన. ఆ మాటనే తీసుకెళ్లి ప్రాజెక్టు టైటిల్ చేసేయకు. ఆయనకి చేతిలో డబ్బు ఆడటం లేదు, అది అమ్మకాల సమస్యగా కనిపిస్తోంది. అసలు లోపం పప్పు విరిగిపోవడంలో ఉండొచ్చు, పిక్కలు, అంటే పెంకు తీయని జీడిగింజలు, కొన్న ధరలో ఉండొచ్చు, బయట బాకీలు నిలిచిపోవడంలో ఉండొచ్చు. నీకున్న గడువులో మూడో వంతు ఈ ప్రశ్న తేల్చుకోవడానికే ఖర్చయినా నష్టం లేదు. ఆయన్ని ఒక్క మాట అడుగు: "రిపోర్టు చేతికొచ్చాక మీరు ఏ నిర్ణయం తీసుకోవాలనుకుంటున్నారండీ?" కొత్త మిషను కొనాలా వద్దా అన్నారనుకో, నీ ప్రాజెక్టు అదే. ఏమీ చెప్పలేకపోతే ఇంకో రెండుసార్లు కూర్చుని మాట్లాడు, తొందరపడి సర్వే ప్రశ్నపత్రాలు అచ్చు వేయించకు.

ఈలోగా ఒక బస్తా వెంట నడువు. అక్కడ పిక్కల లెక్కంతా 80 కిలోల బస్తా మీదే. మంచి పిక్కయితే బస్తాకి 20 కిలోల పైచిలుకు పప్పు దిగుతుంది. ఆవిరికి పెట్టడం, పిక్క కోయడం, డ్రయ్యర్లో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు, అన్నిచోట్లా నిలబడి చూడు. డబ్ల్యూ 180 అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 180కి మించకుండా తూగే పెద్ద గుండ్లు, అంటే విరగని పప్పులు. డబ్ల్యూ 320 అంటే అంతకంటే చిన్నవి. గుండు విరిగి బద్ద అయితే ఒక ధర, ముక్క అయితే ఇంకా తక్కువ. పొట్టు తీసే చోట పప్పు విరుగుతోందని మేస్త్రీ ఆడవాళ్లమీద కేకలు వేస్తుంటాడు. కానీ పప్పు మరీ ఎండిపోతే పెళుసై విరుగుతుంది, సరిగ్గా ఆరకపోతే పొట్టు ఊడదు, గీకితే మళ్లీ విరుగుతుంది. అంటే తప్పు డ్రయ్యర్ దగ్గర ఉండి, మాట పడేది పొట్టు తీసేవాళ్లు కావచ్చు. "డ్రయ్యర్లో ఏ అరలో ఆరిన పప్పు ఎంత విరుగుతోంది?" అనేది నువ్వు తూకం వేసి తేల్చగల ప్రశ్న. "ఉత్పాదకత పెంపు: ఒక అధ్యయనం" అనే టైటిల్‌తో ఏదీ తేలదు.

ఏ మార్పూ చేయకముందే పాత లెక్క రాసి పెట్టుకో. పోల్చి చూసుకోవడానికి ఏదీ లేకపోతే తర్వాత నువ్వేం చెప్పినా ఎవరూ నమ్మక్కర్లేదు. 1960లలో డేవిడ్ మెక్లెలాండ్ అనే హార్వర్డ్ ప్రొఫెసరు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి మన కాకినాడ వ్యాపారులకి శిక్షణ ఇప్పించి ఫలితం చూశాడు. శిక్షణ తీసుకోని వ్యాపారులతో పోల్చాడు కాబట్టే ఆ పని గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నీకంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. రెండు డ్రయ్యర్లుంటే ఒకదాన్ని మార్చకుండా వదిలెయ్, చాలు.

పాత ఖాతాలు తీసేటప్పుడు తిత్లీని మర్చిపోకు. 2018 అక్టోబరు 11న ఆ తుపాను ఉద్దానం మీదుగా పోయినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తర్వాత 2020లో లాక్‌డౌన్. ఆ సంవత్సరాల అంకెల్ని మిగతావాటితో కలిపి గీత గీస్తే పడిపోయిందో పెరిగిందో కూడా తప్పే తెలుస్తుంది. ఊళ్లో పంట ఎంత, ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించిన పిక్కలు ఎంత, విడివిడిగా అడుగు.

టైమ్ టేబుల్ వేసేటప్పుడు మార్చి నుంచి మే వరకు ఓనరు గారి మీద ఆశ పెట్టుకోకు. అది పిక్కలు కొనే కాలం. డబ్బంతా సరుకులో, మనసంతా ధరలో ఉంటుంది. ఆ నెలల్లో ఫ్యాక్టరీలో తూకాలు రాసుకో, ఆయనతో కూర్చునే మాటలు ముందో తర్వాతో పెట్టుకో.

పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడటం నీకు అన్నిటికంటే ముఖ్యం. వాళ్లకి కిలో లెక్కన కూలి ఉన్నచోట నువ్వు కూర్చోబెట్టి మాట్లాడిన అరగంట వాళ్ల కూలిలో తగ్గుతుంది. దానికి ఓనరు గారితో ముందే మాట్లాడి డబ్బు ఇప్పించు, లేదా టీ విరామంలో మాట్లాడు. మేస్త్రీ పక్కన ఉండగా అడగకు. పేర్లు రాయనని చెప్పు, రాయకు. ఎవరైనా చెప్పనంటే సరేనని లేచి వచ్చెయ్.

ఇంకోటి. పలాస, కాశీబుగ్గల్లో ఫ్యాక్టరీలన్నీ ఒకరికొకరు తెలిసినవే, చుట్టాలూ ఉంటారు. ఒకచోట విన్న కొనుగోలు ధర ఇంకోచోట నోరు జారితే ఓనరు గారే కాదు, నీ తర్వాత వచ్చే పిల్లలెవరినీ గేటు లోపలికి రానివ్వరు.

ఇవన్నీ ఒక పేజీ కాగితం మీద పెట్టు: ప్రశ్న ఏమిటి, ఏం చూడను, ఏ లెక్కలు ఇస్తారు, కాలేజీ రిపోర్టులో ఫ్యాక్టరీ పేరు ఉంటుందా, ఎప్పటికి ముగుస్తుంది. ఇద్దరూ సంతకం చేయండి. సిగ్గుపడకు, ఆయన బ్యాంకు దగ్గర ఇంతకంటే పెద్ద కాగితాల మీద సంతకాలు చేసిన మనిషే. చివర్లో కాలేజీకి కావాల్సిన లావు రిపోర్టు కాలేజీకి ఇయ్యి. ఆయనకి మాత్రం తెలుగులో రెండు పేజీలు రాసి, పక్కన కూర్చుని చదివి వినిపించు.

ఆ ఒక పేజీ ఆయనకి చూపించే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే పలాస పెద్ద దూరం కాదు. మొదటి మీటింగుకి తోడు రమ్మంటే వస్తాను, కానీ మాట్లాడేది నువ్వే.

మీ మావయ్య