అద్దె ఇంటి డాబాకి సున్నం మేమెందుకు వేయించాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నాం. ఎండాకాలం రాత్రి పదకొండు దాటినా స్లాబు సెగ తగ్గదు, పిల్లలు నిద్రపోరు. డాబాకి తెల్ల సున్నం వేస్తే చల్లబడుతుందంటున్నారు, నిజమేనా? అయినా ఒక్క డాబాతో ఇంత ఊరి వేడి తగ్గుతుందా?
– ఒక సోదరి

జవాబు: నిజమేనమ్మా. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని మీ గదిలోకి వదులుతుంది, అదే తెలుపైతే చాలా ఎండ వచ్చిన దారినే వెనక్కి పోతుంది కాబట్టి పై వాటా గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా ఉంటుంది. ఏసీ మీ గది వేడిని తీసి పక్కింటి కిటికీ మీదికి తోస్తుంది, సున్నం అలా కాదు.

ఊరి సంగతికొస్తే, 2010 మేలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలు తాకింది, ఆ ఒక్క నెలలోనే మామూలుకన్నా 1,344 మంది ఎక్కువ చనిపోయారు. ఆ దెబ్బతో 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక పెట్టుకుంది: ముందస్తు హెచ్చరికలు, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ, తర్వాత పేదల ఇళ్ల కప్పులకు తెల్ల రంగు. మన దగ్గర 2015లో రెండు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా వడదెబ్బకు పోయారు, ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. కానీ 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు. మనలాంటివాళ్లు ఎక్కువమంది ఉండేది ఆ ఇళ్లలోనే కదా, నాకు అక్కడే అసంతృప్తి. ఇలాంటి చిన్న డాబాలు ఒక్కొక్కటీ తెల్లబడితేనే ఊరి వేడి కొంతైనా తగ్గేది, అందుకే మీ ఒక్క డాబా అని తీసిపారేయకండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే పని మొదలుపెట్టండి. డాబా కడిగి, పగుళ్లు పూడ్చి, సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేయించండి. వానలకు పోతుంది, ఏటా వేయాల్సిందే. ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం తగ్గితే పగుళ్లూ తగ్గుతాయని ఓనరు గారికి చెప్పి సగం ఖర్చు అడగండి, ఆ మాట చాలామంది వింటారు. అన్నట్టు, మీ వీధిలో ఏ వాచ్‌మన్ కుటుంబమైనా రేకుల గదిలో ఉంటే, మీ డాబా కన్నా ముందు ఆ రేకులకు తెల్ల పెయింట్ వేయించే పని చూడండి.