చూడని గదికి విలువ కట్టమంటే

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఎనిమిది నెలలుగా విశాఖలో, ఆస్తులకు విలువ కట్టే ఒక వాల్యుయర్ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తోంది. బ్యాంకు అప్పు బకాయిపడిన ఇళ్లకు వెళ్లినప్పుడు లోపలికి రానివ్వకపోతే, రోడ్డు మీది నుంచే ఫోటోలు తీసి, లోపలి స్థితి 'బాగుంది' అని నింపమంటున్నారట. ఈ రంగమే వద్దంటోంది. మేమేం చెప్పాలి?"

అయ్యా, మీ అమ్మాయిని ఇబ్బంది పెడుతున్న ఆ సందేహమే ఈ వృత్తికి కావలసిన మొదటి అర్హత కనుక, రంగం వదలమని నేను చెప్పను. ఆ కార్యాలయాన్ని వదలవలసి రావచ్చు. అది వేరే మాట.

ముందుగా, బయటి నుంచి చూసి విలువ కట్టడమే తప్పన్న అభిప్రాయం ఆమెకు ఉంటే దాన్ని సవరించుకోవాలి. తాకట్టు ఆస్తి నుంచి బాకీ రాబట్టుకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఇంటిని చాలాసార్లు కాగితాల మీదనే స్వాధీనం చేసుకుంటుంది, కుటుంబం మాత్రం లోపలే ఉంటుంది. వేలానికి ముందు ఆమోదిత వాల్యుయర్ చేత విలువ కట్టించి, కనీస ధర నిర్ణయించాలని నిబంధన. ఇల్లు పోగొట్టుకోబోతున్నవారు తలుపు తీయకపోవడంలో వింత లేదు, బలవంతంగా లోపలికి వెళ్లే హక్కు మీ అమ్మాయికి లేదు. అమెరికాలో ఇటువంటి పనికి 2055 అనే సంఖ్యతో ప్రత్యేక ఫారమే ఉంది. వెలుపల మాత్రమే చూశామన్న సంగతి ఆ ఫారం పేరులోనే ఉంటుంది కాబట్టి చదివేవారు పొరపడరు.

తప్పంతా 'బాగుంది' అనే ఆ ఒక్క మాటలో ఉంది. రోడ్డు మీది నుంచి అంతస్తులు, రోడ్డు వెడల్పు, వదిలిన ఖాళీ స్థలం, బాల్కనీ అడుగున తుప్పు చారలు కనిపిస్తాయి. పెదవాల్తేరు, లాసన్స్ బే వంటి తీరప్రాంతాల్లో అసలు ప్రశ్న లోపల ఉంటుంది. ఉప్పుగాలిలోని క్లోరైడులు కాంక్రీటులోకి చేరి ఊచలను తుప్పు పట్టిస్తాయి, ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల స్లాబు పగిలి పెచ్చులూడుతుంది. నిరుడు రంగు వేయించిన ముఖద్వారం వెనుక, ఫాల్స్ సీలింగు పైన ఏముందో వీధిలో నిలబడి చెప్పగలిగినవారు లేరు.

కొందరు సీనియర్లు దీనికి జాగ్రత్త మార్గమని చెప్పి, చూడలేదు కాబట్టి విలువ తగ్గించి రాయమంటారు. నాకు అది మరింత అన్యాయంగా తోస్తుంది. ఎక్కువ రాస్తే నష్టం బ్యాంకుకో కొనేవారికో. తక్కువ రాస్తే కనీస ధర పడిపోయి, ఇల్లు చౌకగా పోయి, మిగిలిన బాకీ ఆ కుటుంబం మెడకే చుట్టుకుంటుంది. నివేదిక వారి చేతికి వచ్చేసరికి అడగడానికి వ్యవధి కూడా ఉండకపోవచ్చు. పక్కింటివారిని అడిగి తెలుసుకోవడంలోనూ చిక్కుంది: ఫలానా వారి ఇల్లు వేలానికి వచ్చిందన్న సంగతి ఆ ఒక్క ప్రశ్నతో వీధంతా పాకుతుంది. మంజూరైన ప్లాను, రిజిస్ట్రేషను దస్తావేజు, అప్పు ఇచ్చిన నాటి పాత వాల్యుయేషన్ నివేదిక బ్యాంకు ఫైలులోనే ఉంటాయి, ముందు అవి అడగాలి.

కనుక ఆమె ఇలా రాయవచ్చు: "లోపలికి అనుమతి లభించలేదు, వెలుపలి పరిశీలన, బ్యాంకు ఇచ్చిన ప్లాను మాత్రమే ఆధారం, లోపలి స్థితి భవనం వయసుకు తగినట్టు ఉందని ఊహించాము, ఆ ఊహ తప్పయితే విలువ మారుతుంది." దీన్ని కార్యాలయపు మెయిల్‌లోనే, పరిశీలన తేదీ వేసి పంపాలి. కంపెనీల చట్టం కింద వచ్చిన 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళి, పని అప్పగించినవారి అవసరానికి అనుకూలంగా విలువ కట్టడాన్ని నిషేధిస్తుంది. ఇతరులిచ్చిన వాస్తవాల మీద ఆధారపడినంత మేరకు తప్ప బాధ్యత తప్పించుకోరాదని కూడా అంటుంది. చూడని గదికి 'బాగుంది' అని ఎవరూ చెప్పలేదు. అది వాల్యుయరే పుట్టించిన మాట. కార్యాలయ యజమాని ఈ నియమం చదివి కూడా ఆ వాక్యాలు కొట్టివేస్తే, ఒకసారి చెప్పి చూసి, రెండోసారికి అక్కడ ఉండనవసరం లేదు.

ఉద్యోగం మారితే భవిష్యత్తు పోతుందని మీరు భయపడుతున్నట్టున్నారు. భూమి, భవనాల విభాగంలో రిజిస్టర్డ్ వాల్యుయర్ కావడానికి సివిల్ డిగ్రీ తర్వాత అయిదేళ్ల అనుభవం, పీజీ చేస్తే మూడేళ్లు, 50 గంటల కోర్సు, ఆపై పరీక్ష ఉంటాయి. ఆ అనుభవం వాల్యుయర్ కార్యాలయంలోనే సంపాదించాలని లేదు. పాత అపార్ట్‌మెంట్లకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర రెండేళ్లు పనిచేయమనండి, వీధిలోంచి కనిపించని లోపలి స్థితి అక్కడ కళ్లారా చూస్తుంది. జీతం మొదట్లో తక్కువే ఉండవచ్చు, ఆ మేరకు మీరు కొంత సర్దుకోవాలి.