తెరలు వేసుకున్న బస్సు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దక్షిణాఫ్రికాలో 2010లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ జట్టు భంగపడిన తీరు గురించి గత సంచికలో ఒక పాఠకుడికి నాలుగు ముక్కల్లో జవాబు రాశాను. అది సరిపోలేదంటూ వచ్చిన ఉత్తరాలు చాలానే ఉన్నందున, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: కోచ్‌ను ఒక ఆటగాడు తిట్టాడని, ఆ తరువాత జట్టంతా సాధన మానేసిందని మాత్రమే విన్నాను. అసలు ఏం జరిగిందో వరుసగా చెప్పగలరా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: గొడవ జూన్ 17న పొలోక్వానేలో మెక్సికోతో మ్యాచ్ జరుగుతుండగా మొదలైంది. మొదటి మ్యాచ్‌లో ఉరుగ్వేతో 0-0తో సరిపెట్టుకున్న ఫ్రాన్స్‌కు ఇది గెలిచి తీరవలసిన ఆట. విరామ సమయానికి ఎవరికీ గోల్ లేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ రేమండ్ డొమెనెక్, ముందు వరసలో ఉండవలసిన నికొలా అనెల్కా తన స్థానం వదిలి వెనక్కి వస్తున్నాడని తప్పుపట్టాడు. అనెల్కా నోరు జారాడు. డొమెనెక్ అతన్ని కూర్చోబెట్టి, రెండో అర్ధభాగానికి జిన్యాక్‌ను దింపాడు. ఫ్రాన్స్ 0-2తో ఓడింది. ఆ మాటల సంగతి రెండు రోజుల పాటు బయటివారికి తెలియలేదు. జూన్ 19న లెకిప్ అనే క్రీడా దినపత్రిక, అచ్చులో చూడలేనంత బూతును మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసింది. ఆ మాటలు తాను అనలేదని అనెల్కా చెప్పాడు. తిట్టిన మాట నిజమే కానీ పత్రికలో వచ్చిన మాటలు అవి కావని డొమెనెక్ కూడా తరువాతి కాలంలో రాశాడు. బహిరంగంగా క్షమాపణ చెప్పమని ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య కోరింది, అతను ఒప్పుకోలేదు, ఆ రోజే అతన్ని జట్టు నుంచి పంపించివేశారు. కెప్టెన్ పాత్రిస్ ఎవ్రా విలేకరుల ముందుకు వచ్చి, సమస్య అనెల్కా కాదని, లోపలి మాటను బయటికి చేరవేసిన ద్రోహి తమ మధ్యే ఉన్నాడని అన్నాడు.

మరునాడు జూన్ 20, ఆదివారం. జట్టు బస చేసిన నైస్నా పట్టణంలో ఆ రోజు సాధన చూడడానికి ప్రజలను అనుమతించారు. ఆటగాళ్లు బస్సు దిగి, కంచె పక్కన నిలబడ్డ స్థానికులతో చేతులు కలిపి, సంతకాలు పెట్టారు. ఆ తరువాత మైదానంలో ఎవ్రాకూ, వ్యాయామ శిక్షకుడు రొబేర్ దువెర్న్‌కూ మాటామాటా పెరిగింది. డొమెనెక్ ఇద్దరి మధ్యకు వెళ్లి విడదీశాడు. దువెర్న్ తన చేతిలోని స్టాప్‌వాచ్‌ను విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఆటగాళ్లు ఒక్కొక్కరే నడిచి వెళ్లి బస్సెక్కి, కిటికీల తెరలు లాగేసుకున్నారు. జట్టు డైరెక్టర్ జాన్ లూయీ వాలెంటిన్ కెమెరాల ముందే, ఇది ఫ్రాన్స్‌కు సిగ్గుచేటని, పదవి వదిలేస్తున్నానని చెప్పి వెళ్లిపోయాడు. చాలాసేపటికి బస్సు దగ్గర నుంచి డొమెనెక్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. అది అనెల్కాను పంపించివేసినందుకు నిరసనగా సాధన చేయబోమంటూ ఆటగాళ్లు ముందే టైపు చేయించి సిద్ధం చేసుకున్న ప్రకటన. తన మాట కాదని తన జట్టే తీసుకున్న నిర్ణయాన్ని ఆ కోచ్ తన గొంతుతో ప్రపంచానికి చదివి వినిపించాడు. రెండు రోజుల తరువాత బ్లూమ్‌ఫాంటీన్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 1-2తో ఓడి, గ్రూపులో అట్టడుగున, ఒక్క పాయింటుతో, ఒకే ఒక్క గోల్‌తో ఫ్రాన్స్ ఇంటిదారి పట్టింది. మ్యాచ్ ముగిశాక దక్షిణాఫ్రికా కోచ్ పరేరా చేయి చాస్తే డొమెనెక్ అందుకోలేదు. ఆ దృశ్యం నాకు ఓటమి కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా కార్మిక సంఘంలో ఉన్నవాణ్ణి. తోటివాణ్ణి అన్యాయంగా తొలగించారని అనిపించినప్పుడు పని ఆపడం మా దృష్టిలో తప్పు కాదు. ఆటగాళ్లు చేస్తే మాత్రం ఎందుకు నేరమైంది?
– కర్మాగార ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. సమ్మె చేయడమే నేరమని నేను అనను. ఫుట్‌బాల్‌లో న్యాయమైన సమ్మెలు ఉన్నాయి. 2014లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఘనా ఆటగాళ్లు, తమకు రావలసిన డబ్బు చేతికి అందితే తప్ప ఆడబోమని పట్టుబట్టారు. చివరికి వారి ప్రభుత్వం 30 లక్షల డాలర్లకు పైగా నగదును విమానంలో పంపవలసి వచ్చింది. 2023లో ప్రపంచ కప్ గెలిచిన స్పెయిన్ మహిళల జట్టు, బహుమతి వేదిక మీద తమ క్రీడాకారిణి జెన్నీ హెర్మోసోను ఆమె అనుమతి లేకుండా ముద్దు పెట్టుకున్న సమాఖ్య అధ్యక్షుడు రుబియాలెస్ వ్యవహారంలో, నాయకత్వం మారేవరకు జాతీయ జట్టుకు ఆడబోమని ప్రకటించింది. ఆ ప్రకటనపై మొత్తం 81 మంది క్రీడాకారిణులు సంతకాలు చేశారు. అతను రాజీనామా చేయక తప్పలేదు. ఆ రెండు సందర్భాల్లోనూ నేను నిస్సంకోచంగా ఆటగాళ్ల పక్షానే ఉన్నాను.

నైస్నా ప్రకటనలోనూ ఒక న్యాయమైన మాట ఉంది. సమాఖ్య తమతో మాట్లాడకుండా, కేవలం పత్రికలో వచ్చిన దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుందని ఆటగాళ్లు అందులో ఆక్షేపించారు. తిట్టిన రోజున కాక, తిట్టు అచ్చయిన రోజున శిక్ష పడిందన్నది కాదనలేని నిజం. అయితే కార్మికుడు సమ్మె చేసేటప్పుడు గేటు ముందు నిలబడతాడు, తన డిమాండును తన నోటితో చెబుతాడు, అందుకు జీతం కోతకు సిద్ధపడతాడు. ఇది మీకు నేను చెప్పవలసింది కాదు. ఈ ఆటగాళ్లు తెరల వెనుక కూర్చుని, తాము ఎవరినైతే ధిక్కరిస్తున్నారో ఆ మనిషితోనే తమ కాగితం చదివించారు. వారిలో ఒక్కరు, కనీసం కెప్టెన్, బస్సు దిగి వచ్చి ఆ నాలుగు వాక్యాలూ తానే చదివి ఉంటే, నేను ఈ ఉదంతాన్ని ఇంకో విధంగా చూసేవాణ్ణి. పైగా ఆ ఉదయం నష్టపోయింది సమాఖ్య అధికారులు కాదు. కంచె అవతల నిలబడి ఆట చూద్దామని వచ్చిన పిల్లలూ పెద్దలూ నష్టపోయారు. ప్రజల పట్ల గౌరవంతోనే ముందుగా వారిని కలిశామని ఆటగాళ్లు ప్రకటనలో రాసుకున్నారు కానీ, చేతులు కలిపి వెనుదిరిగి బస్సెక్కడాన్ని గౌరవమని అనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ప్రశ్న: అనెల్కా తిట్టకపోయి ఉంటే ఫ్రాన్స్ ముందుకు వెళ్లేదా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: వెళ్లేది కాదని నా నమ్మకం. ఆ జట్టు రోగం పాతది. 2006లో ఫైనల్‌కు చేరిన డొమెనెక్ బృందం, 2008 యూరో (ఐరోపా దేశాల కప్) పోటీల్లో గ్రూపులో చివరన నిలిచింది. అయినా సమాఖ్య అతన్నే కొనసాగించింది. 2010 ప్రపంచ కప్‌కు అర్హత కూడా దొడ్డిదారినే వచ్చింది. 2009 నవంబరు 18న ప్యారిస్ శివారులోని స్తాద్ ద ఫ్రాన్స్‌లో ఐర్లండ్‌తో జరిగిన ప్లేఆఫ్ రెండో మ్యాచ్‌లో, అదనపు సమయంలో థియరీ హెన్రీ బంతిని చేత్తో ఆపి అందిస్తే గలాస్ తలతో గోల్ చేశాడు. రిఫరీ చూడలేదు. చేయి తగిలిందని హెన్రీ మ్యాచ్ అయ్యాక ఒప్పుకున్నాడు, కానీ ఫలితం మారలేదు. అభిమానుల మనసు ఆ రాత్రే విరిగింది. సొంత జట్టు గెలిచినందుకు తలదించుకోవలసి రావడం ఎంత నరకమో ఆట ప్రేమించేవారికి వేరే చెప్పనక్కరలేదు.

టోర్నీ అయ్యాక డొమెనెక్ వెళ్లిపోతాడని, లారెంట్ బ్లాంక్ వస్తాడని కూడా ముందే అందరికీ తెలుసు. వెళ్లిపోయే కోచ్ మాటకు ఏ జట్టులోనైనా విలువ తగ్గుతుంది. కాబట్టి ఓటమికి అనెల్కా కారణం కాడు. ఎప్పటినుంచో లోపల ముదురుతున్న కురుపు అతని నోటి దగ్గర పగిలింది, అంతే. తప్పు చేశాడు, శిక్ష అనుభవించాడు. కానీ మొత్తం పాపాన్ని అతని నెత్తిన పెట్టడం సమాఖ్య పెద్దలకు బాగా కలిసివచ్చింది.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా ప్యారిస్‌లో ఉంటున్నాను. 2010 మాట వస్తే చాలు, ఇక్కడి సహోద్యోగులు కొందరు అదంతా శివారు కాలనీల కుర్రాళ్ల పొగరని, దేశం మీద ప్రేమ లేనివాళ్లని అంటారు. ఆ మాట వినడం నాకు కష్టంగా ఉంటుంది. ఏమని జవాబు చెప్పాలి?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ప్యారిస్

జవాబు: మీకు కష్టంగా ఉండడమే సరైనది. ఆ వాదన అప్పుడు ఫ్రాన్స్ పార్లమెంటు దాకా వెళ్లింది. పరిపక్వత లేని ముఠానాయకులు భయపడిన పిల్లలను శాసిస్తున్నారని స్వయానా క్రీడా మంత్రి రోజెలిన్ బాషెలో సభలో అన్నారు. ‘ముఠా’ అన్న మాట ఎవరిని ఉద్దేశించిందో ఆ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1998లో కప్ గెలిచినప్పుడు నల్లవారు, తెల్లవారు, అరబ్బులు కలిసిన జట్టని మురిసిపోయిన దేశం, పన్నెండేళ్ల తరువాత ఓడేసరికి అదే కలయికను తప్పుపట్టింది. గెలిస్తే మనవాళ్లు, ఓడితే పరాయివాళ్లు అనే ఈ లెక్క మనకూ కొత్తేమీ కాదు.

మీ సహోద్యోగులకు రెండు విషయాలు చెప్పండి. సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ తరువాత శిక్షించిన నలుగురిలో ఒకరైన జెరెమీ తులాలాన్ నాంత్‌లో పుట్టిన తెల్లజాతి ఆటగాడు. బస్సులో కూర్చున్నవారిలో అన్ని రంగులవారూ, అన్ని ఊళ్లవారూ ఉన్నారు, ఒక్కరూ దిగలేదు. ఇక 2018లో ఫ్రాన్స్‌కు కప్ తెచ్చిన ఎంబాపే పెరిగింది ప్యారిస్ శివారు బాందీలోనే. నైస్నాలో జరిగింది ఆ మనుషుల తప్పు. దాన్ని వారి తల్లిదండ్రుల ఊరి ఖాతాలో రాయడం మరో తప్పు.

ప్రశ్న: బాధ్యులను ప్రభుత్వమే నేరుగా శిక్షించి ఉండవలసింది కాదా? సమాఖ్యలు తమవారిని తామే కాపాడుకుంటాయి కదా?
– న్యాయవాది, హైదరాబాద్

జవాబు: మీ ఆవేశం అర్థమవుతుంది కానీ, ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా సంస్థ నియమాలు అందుకు అడ్డు. ఫ్రాన్స్ దేశాధ్యక్షుడు సర్కోజీ స్వయంగా హెన్రీని కలిసి మాట్లాడినప్పుడు, రాజకీయ జోక్యం పెరిగితే ఫ్రాన్స్‌ను సస్పెండ్ చేయవలసి వస్తుందని ఫిఫా హెచ్చరించింది. అదే టోర్నీలో ఓడిన నైజీరియా జట్టును అధ్యక్షుడు గుడ్‌లక్ జోనథన్ రెండేళ్ల పాటు అంతర్జాతీయ పోటీల నుంచి ఉపసంహరించి, ఫిఫా కన్నెర్ర చేయగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. మనకూ ఆ రుచి తెలిసింది. 2022 ఆగస్టులో, సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీని మూడో పక్షం జోక్యంగా లెక్కించి ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆ కమిటీ తప్పుకున్న తరువాత, అదే నెల 26న సస్పెన్షన్ ఎత్తేసింది. అక్టోబరులో ఇక్కడ జరగవలసిన 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్ ఆ కొద్ది రోజులూ గాలిలో వేలాడింది.

ఫ్రాన్స్‌లో సమాఖ్య అధ్యక్షుడు ఎస్కలెట్ రాజీనామా చేశాడు. బ్లాంక్ తన మొదటి మ్యాచ్‌కు, ఆగస్టులో ఓస్లోలో నార్వేతో ఆడినప్పుడు, ఆ 23 మందిలో ఒక్కరినీ తీసుకోలేదు, 1-2తో ఓడిపోయాడు. ఆ తరువాత క్రమశిక్షణ సంఘం అనెల్కాకు 18 మ్యాచ్‌లు, ఎవ్రాకు 5, రిబెరీకి 3, తులాలాన్‌కు 1 చొప్పున నిషేధం విధించింది, అబిదాల్‌ను వదిలేసింది. అనెల్కా మళ్లీ ఆ చొక్కా వేసుకోలేదు. బస్సులో కూర్చున్న 22 మంది కలిసి చేసిన పనికి వారిలో ముగ్గురిని ఎంచుకోవడం సబబేనా అని నాకు ఇప్పటికీ సందేహమే. బస్సు దిగనివారిలో మిగిలినవారికి, ఆ నార్వే మ్యాచ్‌కు దూరం కావడం తప్ప, మౌనానికి తగిన శిక్ష పడలేదు.

ప్రశ్న: అంత జరిగాక అభిమానులు మళ్లీ ఆ జట్టును ఎలా నమ్మారు? మా పాఠశాల జట్టు పిల్లలు అడుగుతున్నారు.
– వ్యాయామ ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ఒక్కసారిగా నమ్మలేదని చెప్పండి. 2012 యూరోలో ఇంగ్లండ్‌పై గోల్ కొట్టిన నాస్రీ, విలేకరుల వైపు తిరిగి నోరు మూసుకోమని సైగ చేశాడు. ఆ టోర్నీలో అతని ప్రవర్తనకు మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. మళ్లీ అదే కథ అని జనం నిట్టూర్చారు. 2013 నవంబరులో ప్రపంచ కప్ ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో కీవ్‌లో ఉక్రెయిన్ చేతిలో 0-2తో ఓడినప్పుడు, ఇక బ్రెజిల్ ఆశ వదులుకోవలసిందేనని చాలామంది అనుకున్నారు. నాలుగు రోజుల తరువాత స్తాద్ ద ఫ్రాన్స్‌లో, హెన్రీ చేత్తో బంతిని ఆపిన ఆ మైదానంలోనే, ఫ్రాన్స్ 3-0తో గెలిచి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తే ముందుండి, ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. ఈసారి ఎవరూ తలదించుకోవలసిన అవసరం రాలేదు.

ఆ రాత్రి మొదటి పదకొండు మందిలో ఎవ్రా, రిబెరీ, వాల్బుయెనా, గోల్‌కీపర్ హ్యూగో లోరిస్ ఉన్నారు. నలుగురూ నైస్నా బస్సులో కూర్చున్నవారే. లోరిస్‌కు నైస్నా నాటికి 23 ఏళ్లు. 2018 జూలై 15న మాస్కోలో క్రొయేషియాపై 4-2తో గెలిచాక, వర్షంలో తడుస్తూ కప్పును పైకెత్తిన కెప్టెన్ అతనే. ఆ 2018 జట్టులో నైస్నా నుంచి వచ్చినవాడు ఇంకొక్కడే ఉన్నాడు, రెండో గోల్‌కీపర్ స్టీవ్ మండండా.