104 అంటే నూట నాలుగు కాదు

ప్రశ్న: మా తాతయ్య రేడియో విప్పితే సప్లై లైను దగ్గర ‘104కె’ అని రాసున్న బిళ్ళ కండెన్సర్ పగిలి కనిపించింది. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర షాపులో చూపిస్తే 0.1 మైక్రోఫారడ్ అని ఇంకోటి ఇచ్చారు. అంకెలే కలవడం లేదు, వెయ్యొచ్చా?
— ఐటీఐ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: వేసెయ్యి బాబూ, సరైనదే ఇచ్చారు. మూడంకెల్లో మొదటి రెండూ ఉన్నవున్నట్టు రాసుకో. మూడోది ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్లు. (ఫారడ్ అంటే కండెన్సర్ ఎంత ఛార్జి పట్టగలదో చెప్పే కొలత.) వెయ్యి పికోలు ఒక నానో, వెయ్యి నానోలు ఒక మైక్రో. 100 నానో అన్నా, 0.1 మైక్రో అన్నా నీ 104నే. 473 నువ్వే లెక్కెయ్యి, 47 నానో రావాలి. రెండంకెలే ఉంటే లెక్క లేదు. 22 అంటే 22 పికోలే.

చిక్కంతా ‘220’తో. విజయనగరంలో గంటస్తంభం దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, ఒక రేడియోలో స్టేషన్ పట్టడానికి పనికొచ్చే ఆసిలేటర్ భాగంలో 220 అని ఉన్నదాన్ని తీసి 220 పికోలది వేశాను. డయల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా 927 కిలోహెర్ట్జ్ విశాఖ కేంద్రం దొరకదే! మా గురువుగారు చూసి, “ఏట్రా, దీని నోరు కట్టేసినావు?” అన్నారు. 220లో మూడో అంకె సున్నా కాబట్టి 22 పక్కన ఒక్క సున్నా కూడా పెట్టకూడదు, అంటే 22 పికోలే. 220 పికోలకు 221 అని ఉంటుంది.

ఇక ‘కె’ కిలో కాదు. విలువ పది శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. ‘జె’ అయితే 5, ‘ఎం’ అయితే 20. ‘జెడ్’ మరీ ఉదారం: 20 శాతం తగ్గొచ్చు, 80 శాతం పెరగొచ్చు. సప్లై లైనులో గోల అణచడానికి అదైనా నడుస్తుంది, ట్యూనింగ్ దగ్గర మాత్రం వద్దు.

వోల్టేజీ రాసి లేని చిన్న బిళ్ళను 50 వోల్టులకు మించి నేను నమ్మను. ‘1కెవి’ అని ఉంటే వెయ్యి వోల్టులది. అక్కడ మాత్రం ‘కె’ కిలోనే, ఏం చేస్తాం!

ఒక్క జాగ్రత్త. ఛార్జర్లలో, టీవీ సప్లైల్లో కరెంటు వైపు ‘వై1’, ‘వై2’ అని ముద్ర ఉన్న నీలం బిళ్ళలుంటాయి. వాటి స్థానంలో మామూలువి వెయ్యకు. మామూలుది షార్ట్ అయితే అవతల నువ్వు పట్టుకునే ఇనుప పెట్టెలోకే కరెంటు వస్తుంది.