కొత్తగా టౌన్ ప్లానింగ్‌లో చేరిన అమ్మాయికి

చిరంజీవి పాపకు బాబాయ్ ఆశీస్సులు.

చేరీ చేరగానే టేబుల్ మీద అర్జీల కట్ట పెట్టారనీ, ఏది ముందు పట్టుకోవాలో తోచడం లేదనీ రాశావు. అందులో సగానికి సగం ఇరుగుపొరుగు తగాదాలే అయ్యుంటాయి. ‘పక్కింటివాళ్లు ర్యాంపు వీధిలోకి దింపారు’ అని రాసినాయన అసలు కోపం ర్యాంపు మీద కాకపోవచ్చు. అలాగని అర్జీ పక్కన పడేయకు. ఆయన కోపం సంగతి నీకెందుకు, ర్యాంపు కాలువ మీదకి వచ్చిందా లేదా అన్నదే నీ పని. కొలతలు వేసే చైన్‌మన్‌ని వెంటబెట్టుకెళ్లి టేపు పట్టించు. అర్జీ పెట్టినాయన ర్యాంపు కూడా కొలిపించు. కక్ష కొద్దీ రాసే అర్జీలు ఆ తర్వాత వాటంతటవే తగ్గుతాయి.

నోటీసు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. ‘నిబంధనలకు విరుద్ధముగా నిర్మాణము చేపట్టినందున మీపై తగు చర్యలు తీసుకొనబడును’ అని పాత నమూనా ఒకటి ఆఫీసులో తిరుగుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. అది చదివినవాడికి ఏం తీసెయ్యాలో తెలియదు, ఎవర్నో ఒకర్ని కలవాలని మాత్రం తెలుస్తుంది. బేరాలు మొదలయ్యేది అక్కడే. ‘మీ ర్యాంపు గేటు నుంచి నాలుగడుగులు వీధిలోకి ఉంది. అందులో అడుగున్నర కాలువ మీద ఉంది. ఆ అడుగున్నర ఫలానా తేదీలోగా తీసేయాలి. అభ్యంతరం ఉంటే ఫలానా రోజు పదకొండింటికి ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చు’ అని రాయి. ఏ సెక్షన్ కింద ఇస్తున్నావో రాయి, ఫొటో జత చెయ్యి. ఇంత వివరంగా రాస్తే చాలామంది తామే తీసేసుకుంటారు. మనకి కావలసిందీ అదే, జేసీబీ తోలడం కాదు.

కూల్చివేత దాకా వస్తే మాత్రం 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దగ్గర పెట్టుకో. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడానికీ అంటించాలి. అందిన రోజు నుంచి 15 రోజులు గడువివ్వాలి. స్థానిక చట్టంలో అంతకంటే ఎక్కువుంటే అదే ఇవ్వాలి. నోటీసుకి పాత తేదీ వేశారన్న మాట రాకుండా, ఇచ్చిన సంగతి కలెక్టరాఫీసుకి ఈమెయిల్ వెళ్లాలి. యజమాని చెప్పేది విని, కారణాలతో ఆర్డరు రాసి, ఆ తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తీయించాలి. ఇవి తప్పితే మళ్లీ కట్టించే ఖర్చు అధికారి సొంత జేబులోంచి పెట్టుకోవాల్సి వస్తుంది. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి వాటిమీద ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. అయినా ఫొటోలూ కొలతలూ లేకుండా కదలకు.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవడమే తెలివి. వార్డులో తిరుగుతున్నప్పుడు కొత్తగా ఇసుక కుప్ప కనిపిస్తే ఆగి ప్లాను అడుగు. పిల్లర్ల దశలో సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) తప్పిందని చెబితే గొణుక్కుంటూనైనా సరిచేసుకుంటారు. శ్లాబు పడి, గృహప్రవేశమైపోయాక వెళితే వాళ్లకీ నష్టం, నీకూ నరకం.

ముళ్లకంపలు మొలిచిన ఖాళీ స్థలాల మీద ఫిర్యాదులు వర్షాకాలంలో ముంచెత్తుతాయి. యజమాని ఎక్కడో దూరాన ఉంటాడు. పన్నుల సెక్షన్‌లో ఖాళీ స్థలం పన్ను రికార్డు చూడు, అక్కడ దొరక్కపోతే రిజిస్ట్రారాఫీసులో ఈసీ (ఆ స్థలం లావాదేవీల ధ్రువపత్రం) తీయించు. అప్పటికీ కదలకపోతే మున్సిపాలిటీయే శుభ్రం చేయించి ఆ ఖర్చు అతని దగ్గర రాబట్టే దారి చట్టంలో ఉంది.

ఒకటి మాత్రం కాస్త మొహమాటం లేకుండా చెబుతాను. మన కాలువే పొంగుతుంటే జనానికి నోటీసులివ్వడానికి నోరెలా వస్తుంది? మధ్యప్రదేశ్‌లో రత్లాం అని ఒక ఊరుంది. అక్కడి వార్డువాళ్లు మురుగు కంపు భరించలేక, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో జనానికి ఇబ్బంది కలిగించేవాటిని తొలగించమనే 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. ఆ సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ సెక్షనే ఇప్పుడు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 152. జనం దాన్ని మనమీద కూడా వాడొచ్చు. అందుకే వీధిలోకి వెళ్లేముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో ఒక మాట మాట్లాడి, అక్కడ మన వంతు పని ఏం మిగిలిందో కనుక్కో.

కౌన్సిలర్ల ఫోన్లు వస్తాయి, తప్పదు. విసుక్కోకు. ‘అలాగే సార్, ఆయన్ని విచారణ రోజున రమ్మనండి, చెప్పింది రాసుకుంటాను’ అను. నిజంగానే రాసుకో. ఫోనొచ్చిన సంగతి, తేదీతో సహా, నీ డైరీలో ఉండాలి.

గడువు ముగిసిన రోజు మర్చిపోకుండా మళ్లీ వెళ్లు. తీసేసి ఉంటే ఫొటో తీసి ఫైలు మూసెయ్యి, తీసేశారని వాళ్లకి ఓ కాగితం ఇవ్వు. మన ఆఫీసుల్లో నోటీసులివ్వడమే తప్ప, పని అయిపోయిందని రాసివ్వడం ఎవరికీ అలవాటు లేదు. నువ్వు మొదలుపెట్టు. తొలి నోటీసు ముసాయిదా నాకు పంపు, పంపేముందు ఒకసారి చూస్తాను.

ఇట్లు,
బాబాయ్