అంచు కత్తిరించిన మాంటిల్ కార్డు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అబ్బాయితో పాటు ఆటలు చూసి చూసి నాకూ బేస్‌బాల్ పిచ్చి పట్టింది. 1956 వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ పిచ్చర్ డాన్ లార్సెన్ పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) వేసిన మ్యాచ్‌లో ఆడినవాళ్లందరి కార్డులూ సేకరిస్తున్నాను. ఏడు నెలల కిందట ఒక కార్డ్ షోలో, మా పక్క కౌంటీలో షాపు ఉన్న డీలర్ దగ్గర, ఆ మ్యాచ్‌లో ఆడిన మికీ మాంటిల్ కార్డు, టాప్స్ కంపెనీ 1956లో వేసినది, 2,800 డాలర్లకు కొన్నాను. కొనేముందు రోజు "అంచులు ట్రిమ్ చేయలేదు కదా?" అని మెసేజ్ పెడితే "లేదు, కొత్తగా ఎలా ఉందో అలాగే ఉంది" అని జవాబిచ్చాడు. బిల్లు మీద "1956 టాప్స్ మాంటిల్, ఈఎక్స్" (అంటే ఎక్సలెంట్) అని రాసి, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని స్టాంపు వేశాడు. గ్రేడింగ్‌కు, అంటే కార్డును పరీక్షించి దాని స్థితికి గ్రేడ్ ఇచ్చే సంస్థకు పంపితే, ట్రిమ్ చేసిన ఆనవాళ్లున్నాయంటూ గ్రేడ్ ఇవ్వకుండా పోయిన వారమే తిప్పి పంపారు. డీలర్‌కు ఫోన్ చేస్తే "పది నిమిషాలు లెన్స్ పెట్టి చూసుకుని మరీ కొన్నావు, ఇప్పుడు నాకేం సంబంధం" అంటున్నాడు. డబ్బు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే Zelle సర్వీసులో) పంపాను. గ్రేడింగ్ స్లిప్ పక్కన పడేసి ఆన్‌లైన్‌లో అమ్మేయమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మిత్రుడి సలహా సంగతి. ఆ పని మాత్రం చేయకండి. కార్డు ట్రిమ్ చేసినదని, అంటే అంచులు కత్తిరించినదని, మీకిప్పుడు తెలుసు. తెలిసీ దాచి ఆన్‌లైన్‌లో అమ్మితే వైర్ ఫ్రాడ్, పోస్టులో పంపితే మెయిల్ ఫ్రాడ్ అయ్యే ప్రమాదం ఉంది. రెండూ ఫెడరల్ నేరాలే. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు మోసం కేసులో శిక్ష పడితే జరిమానాతో పోదు, ఈ దేశంలో ఉండటానికే ఎసరొస్తుంది. ఈ హాబీలో అందరూ చెప్పుకునే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు కథ మీరూ వినే ఉంటారు. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నారు. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని అంచులు తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. వేలాల్లో దొంగ పాటలతో సహా మెయిల్ ఫ్రాడ్ కింద 2015లో అతనికి 20 నెలల జైలు పడింది. మీరు కార్డు వదిలించుకోవాలనే అనుకుంటే "ట్రిమ్ చేసినది" అని ప్రకటనలోనే రాసి, దానికి తగ్గ ధరకు అమ్ముకోవచ్చు. అయితే డీలర్‌తో లెక్క తేలేదాకా అదీ వద్దు. కార్డే మీ ముఖ్య సాక్ష్యం.

ఇక మీ కేసు. నా లెక్కలో గట్టిగానే ఉంది, అయితే మీరనుకుంటున్న కారణానికి కాదు. బిల్లు మీది "ఈఎక్స్" అన్న మాటను మీరు బాగా నమ్ముకున్నట్టున్నారు. కార్డు స్థితిని అంచనా వేసి చెప్పే మాట అది. "అది నా అభిప్రాయం, వేరేవాళ్ల కంటికి వేరేలా కనిపించవచ్చు" అని డీలర్ వాదిస్తాడు. అమ్మేవాడి ఉత్త అభిప్రాయం వారంటీ కాదని సరుకుల అమ్మకాల చట్టం, అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-313 సెక్షన్, స్పష్టంగానే చెబుతుంది. ట్రిమ్ చేసిన కార్డుకు ఈ వ్యాపారంలో ఈఎక్స్ అనరు కదా అని మీరు ఎదురు వాదించవచ్చు, అందులో పస ఉంది. కానీ అసలు బలం ఆ మెసేజ్‌లో ఉంది. కత్తిరించారా లేదా అన్నది అభిప్రాయం కాదు, వాస్తవం. మీరు సూటిగా అడిగారు, అతను సూటిగా లేదన్నాడు, ఆ మాట మీద బేరం కుదిరింది. ఎక్స్‌ప్రెస్ వారంటీ అంటే ఇదే. "వారంటీ" అన్న పదం వాడకపోయినా, అతనికి నిజంగా తెలియకపోయినా, వారంటీ వారంటీయే. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, నంబరు కనిపించేలా ఇవాళే దాచుకోండి.

"వాపసు తీసుకోబడదు" అన్న స్టాంపు చూసి టెన్షన్ పడకండి. మనసు మారి తిరిగిస్తానంటే ఆ స్టాంపు అడ్డొస్తుంది. చెప్పిన సరుకు ఇవ్వనప్పుడు అడ్డు రాదు. ఒక చేత్తో హామీ ఇచ్చి ఇంకో చేత్తో చెరిపేయడాన్ని అదే కోడ్‌లోని 2-316 సెక్షన్ ఒప్పుకోదు. లెన్స్ పెట్టి చూశారన్న వాదనా అంతే. చూసి కొన్నందుకు పోయేవి చట్టం తనంతట తాను కల్పించే వారంటీలు. అతను మెసేజ్‌లో తానుగా ఇచ్చినది పోదు.

అతను ఎక్కువగా పట్టుకునే పాయింటు ఇంకోటి ఉంది, సైజు. 1956 టాప్స్ కార్డులు ఇప్పటివాటికన్నా పెద్దవి: 2.625 అంగుళాల వెడల్పు, 3.75 అంగుళాల పొడవు. 1957 నుంచే ఇప్పటి 2.5, 3.5 అంగుళాల సైజుకు వచ్చారు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ కోతలోనే కొన్ని కార్డులు కాస్త చిన్నగా వచ్చేవి, కాబట్టి "పొట్టిగా ఉంటే ట్రిమ్ చేసినట్టేనా" అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే గ్రేడింగ్ స్లిప్ మళ్లీ చదవండి. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థకు పంపి ఉంటే ఎన్1 అన్న కోడ్‌కు ట్రిమ్ చేసిన ఆనవాళ్లున్నాయని అర్థం. ఎన్6 అంటే కనీస సైజు లేదని మాత్రమే, ఎవరో కత్తిరించారని కాదు. మీది ఎన్6 అయితే నేను పైన చెప్పిన ధైర్యంలో సగం తీసేయండి.

  మీరు కార్డులు సేకరిస్తున్న ఆ 1956 మ్యాచ్‌లో నాలుగో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి, ఐదో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి జట్టు గిల్ హాడ్జెస్ కొట్టిన బంతిని పరుగెత్తి పట్టి లార్సెన్‌ను కాపాడింది మాంటిలే. మీ వరసలో ఆ కార్డుకు అంత పెట్టారంటే అర్థం చేసుకోగలను. కోర్టు మాత్రం ఆ మోజుకు విలువ కట్టదు.

కోర్టు కట్టేది రెండు రకాలుగా. కార్డు తిరిగిచ్చేసి 2,800 డాలర్లు మొత్తం అడగడం ఒకటి, చట్టం భాషలో ఒప్పుకున్న సరుకును తిరిగి కాదనడం. కార్డు ఉంచుకుని, ట్రిమ్ చేయని కార్డుకూ మీ చేతిలో ఉన్నదానికీ ధరలో తేడా అడగడం రెండోది. మొదటిదే అడగండి. అయితే లోపం తెలిశాక తగిన సమయంలో అతనికి చెప్పాలి, ఆలస్యం చేస్తే హక్కే పోతుంది. ఫోన్ కాల్ రుజువు చేయడం కష్టం. ఈ వారంలోనే ఈమెయిల్ ఒకటి, సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం ఒకటి పంపండి. కోపం, బెదిరింపు వద్దు. కొన్న తేదీ, మెసేజ్‌లో అతని మాట, స్లిప్‌లో ఉన్న మాట, కార్డు వెనక్కి ఇవ్వడానికి సిద్ధమని, పద్నాలుగు రోజుల్లో డబ్బు పంపమని రాస్తే చాలు. దావాకు గడువు సరుకు అందినప్పటి నుంచి నాలుగేళ్లు. ఉత్తరానికి మాత్రం అంత తీరిక లేదు.

జెల్‌లో పంపిన డబ్బును బ్యాంకు వెనక్కి తెచ్చిపెడుతుందని ఆశ పెట్టుకోకండి. మీ అంతట మీరే పంపారు కదా.

న్యూజెర్సీ కన్స్యూమర్ ఫ్రాడ్ యాక్ట్ కింద మూడింతల నష్టపరిహారం వస్తుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అబద్ధం కాదు. అమ్మేవాడు తప్పుడు మాట చెప్పినట్టు, దానివల్ల నష్టం జరిగినట్టు తేలితే మూడింతలు, లాయరు ఫీజు కూడా ఇవ్వాల్సిందే. కానీ వారంటీ తప్పినంత మాత్రాన అది కన్స్యూమర్ ఫ్రాడ్ కాదని, అంతకుమించి ఏదో ఉండాలని ఇక్కడి కోర్టులు అంటాయి. పైగా స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల దావాల కోర్టు, పరిమితి 5,000 డాలర్లు. మూడింతలంటే 8,400. ఆ పరిమితి దాటితే, 20,000 వరకు, స్పెషల్ సివిల్ పార్ట్ అనే కోర్టు విభాగంలో మామూలు దావా వేయాలి. అక్కడ సాక్ష్యం నిబంధనలు గట్టిగా ఉంటాయి. గ్రేడింగ్ స్లిప్ చూపిస్తే "ఇది రాసిన మనిషి ఎక్కడ?" అంటారు, కార్డుల నిపుణుణ్ని సాక్షిగా పిలవాల్సి వస్తుంది. స్మాల్ క్లెయిమ్స్‌లో ఆ పట్టింపు తక్కువ, లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. ఈ డీలర్ ఇలాంటి కార్డులు ఇంకా చాలామందికి అంటగట్టాడని తెలిస్తే తప్ప, 8,400 కోసం పరుగెత్తకుండా 2,800 తెచ్చుకోమనే నా సలహా.

పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే అతని షాపు ఉన్న కౌంటీలో దావా వేయండి, మీ కౌంటీలో కాదు. వాయిదా రోజున కార్డు, స్లిప్, మెసేజ్ ప్రింట్లు, బిల్లు తీసుకెళ్లండి. వాటితో పాటు 1956 టాప్స్‌లోనే గ్రేడింగ్ అయిన చవక కార్డు ఇంకోటి, స్కేలు కూడా పట్టుకెళ్లండి. చాలామంది జడ్జిలకు బేస్‌బాల్ తెలిసినా కార్డుల అంచుల గురించి తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి చూపించాకే స్లిప్ చేతికివ్వండి.