మోకాలు మార్చాక కూడా అమ్మ పడిపోతోంది.. ఎందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మకు 67 ఏళ్లు. ఎనిమిది నెలల కింద కుడి మోకాలి చిప్ప మార్పించాం. నొప్పి పోయింది. కానీ పోయిన నెలలో రెండుసార్లు పడింది. ఒకసారి గడప తగిలి, ఇంకోసారి రాత్రి బాత్రూమ్‌కు పోతూ. వేసిన మోకాలు సరిగ్గా కూర్చోలేదా? భయమై ఇప్పుడు ఆమెను మంచం దిగనివ్వడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆమెను మంచం దిగనివ్వండమ్మా. కూర్చోబెట్టిన కొద్దీ పడే ముప్పు పెరుగుతుంది.

మోకాలు నొప్పి పెట్టిన ఏళ్లన్నీ ఆమె ఆ కాలి మీద బరువు పడకుండా నడిచి ఉంటారు. దాంతో తొడ ముందు కండరం సన్నబడుతుంది. ఆపరేషన్ అయిన మొదటి నెలలో దాని బలం ఇంకా సగానికి పడిపోతుంది. తూలినప్పుడు మోకాలు ముడుచుకుపోకుండా నిలబెట్టేది ఆ కండరమే. కీలు మేం మార్చగలం, కండరం మాత్రం వ్యాయామంతోనే తిరిగి రావాలి. నొప్పి తగ్గగానే చాలా ఇళ్లలో ఆ వ్యాయామమే ఆగిపోతుంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమనండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రెండుసార్లు ముందుకు ఊగి, అరచేతులతో తొడలు నొక్కుకుని, బరువంతా మంచి కాలి మీదికి తోసి లేస్తారు. అమ్మగారూ అలాగే లేస్తే లోపం కండరంలో ఉందన్నమాట. ఫిజియోథెరపీకి రోజూ నల్లగొండ రానక్కర్లేదు. ఒకసారి వచ్చి నేర్చుకుని, ఇంట్లో గోడ పక్కనే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కాలు చాపి పైకెత్తడం రోజూ చేయించండి.

రాత్రి పడ్డారన్నారు కాబట్టి బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఏమైనా వాడుతున్నారేమో చూడాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూపించండి. పై అంకె 20 తగ్గితే మాత్రల సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి మరవకూడదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు వెన్నెముక బిగుసుకుపోయి, లోపలి నరాలు నొక్కుకుపోవచ్చు. కాళ్లు బిర్రుగా ఉండటం, తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఉంటే మోకాలికి కాదు, వెన్నుకు పరీక్ష చేయించాలి.

ఈసారి పడ్డాక కాలు మోపలేకపోతే పసరు కట్టు, మాలిష్ వద్దు. వేసిన కీలుకు కాస్త పైన తొడ ఎముక విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతూ తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు ఉంచండి. తడి బండల మీద అరిగిన హవాయి చెప్పులు వద్దు. కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. నడిపించేటప్పుడు మీరు కుడివైపు, అరడుగు వెనక ఉండండి. చెయ్యి పట్టి ముందుకు లాగితే ఆమె పట్టు తప్పుతారు.